మూడో నెల, అన్నం ఉడికే వాసనకే వాంతి వస్తోంది. ఏం తినాలి?

కుక్కర్ మూత తీస్తే చాలు కడుపులో తిప్పుతోంది, పప్పు, పాలు, గుడ్డు ఏదీ సహించడం లేదు, అత్తగారేమో ఇద్దరి కోసం తినాలంటున్నారు, బిడ్డకి ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉందని రాశారు. ముందు ఆ టెన్షన్ సంగతి. మూడో నెల చివరికి బిడ్డ పొడవు ఐదారు సెంటీమీటర్లే. మన హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ గర్భిణులకు రోజుకి అదనంగా తినమని చెప్పే 350 కేలరీలు కూడా నాలుగో నెల నుంచే. అంటే ఇప్పుడు మీరు ఇద్దరి తిండి తినక్కర్లేదు. తిన్నది కడుపులో నిలిస్తే చాలు.

నాకు ఇద్దరు పిల్లలు, రెండుసార్లూ వేవిళ్ళు గట్టిగానే పట్టాయి. మాది తెనాలి, చేపల పులుసు లేనిదే ఆదివారం గడవని ఇల్లు. అలాంటిది పక్క ఫ్లాట్‌లో ఎవరో చేపలు కడుగుతున్నారని తలుపు మూసి ఉన్నా పసిగట్టేదాన్ని. అప్పుడు నాకు అర్థమైంది ఏమిటంటే, చాలావరకు పడనిది తిండి కాదు, దాని మీంచి లేచే ఆవిరి. వేడి అన్నం కంచం ముందు కూర్చోలేకపోయేదాన్ని. అదే అన్నం పూర్తిగా చల్లార్చి, పెరుగు కలిపి, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, పక్కన ఒక నిమ్మకాయ బద్ద వేసుకుంటే ఏ గొడవా లేకుండా దిగేది. పొద్దున వండింది మధ్యాహ్నానికి తినేయండి, నిన్నటి అన్నం మాత్రం వద్దు.

అందుకే వంట దగ్గర మార్పులు చేస్తే సగం బాధ తీరుతుంది. మా ఇంట్లో రైస్ కుక్కర్‌ని వంటింట్లోంచి తీసి వాష్ ఏరియాలో పెట్టాం. ఇంగువ తాలింపు, ఉల్లిపాయ వేయించడం లాంటివి నేను స్నానానికి వెళ్ళినప్పుడో, బయట గాలికి తిరిగినప్పుడో మా అత్తయ్య కానిచ్చేవారు. ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు లెండి. ‘మేమూ కన్నాం, ఇంత సుకుమారం లేదు’ అనేవారు. మీ ఇంట్లోనూ ఆ మాట వస్తే ఇది చెప్పండి: 2023 చివర్లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, ఈ వికారానికి పెద్ద కారణం బిడ్డ వైపు నుంచి తల్లి రక్తంలోకి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోన్. గర్భానికి ముందు అది ఒంట్లో తక్కువగా ఉన్నవాళ్ళకి బాధ ఎక్కువట. గారాబానికీ దీనికీ సంబంధం లేదు.

ఖాళీ కడుపు ఇంకా పెద్ద శత్రువు. తలగడ పక్కన చిన్న డబ్బాలో బొరుగులో, ఉప్పు బిస్కెట్లో పెట్టుకుని, మంచం దిగకముందే నాలుగు నమిలి పది నిమిషాలు అలాగే పడుకోండి. తర్వాత కూడా రెండు గంటలకోసారి గుప్పెడు ఏదో ఒకటి తినండి. నీళ్ళు తిండితో పాటు కాకుండా మధ్యమధ్యలో గుక్కెడు గుక్కెడు తాగండి. నాకు మామూలు నీళ్ళు కూడా వెగటుగా ఉండేవి, ఉప్పు వేసిన నిమ్మరసం, పల్చటి మజ్జిగ తాగేదాన్ని. అల్లం కొందరికి బాగా పనిచేస్తుంది, నాకైతే ఎండు ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకుంటే నయంగా ఉండేది. పళ్ళు తోముకునేటప్పుడు పేస్ట్ నురగకే వాంతి వస్తుంటే పేస్ట్ మార్చి చూడండి. వాంతి అయిన వెంటనే మాత్రం బ్రష్ చేయకండి, నోరు పుక్కిలించి కాసేపు ఆగండి.

పప్పు పడకపోతే దాన్నే పట్టుకుని కూర్చోవద్దు. వేయించిన పల్లీలు, పుట్నాలు, పెసరట్టు కూడా ఆ బలమే ఇస్తాయి. పాలు వద్దనిపిస్తే పెరుగు, రాగి జావ చల్లార్చుకుని తాగండి. ఉడికించిన గుడ్డు వాసన భరించలేనిదే, దాన్నే మిరియాల పొడితో దోసె మీద వేసి బాగా కాల్చి చల్లారాక తినండి. కాఫీ మీద విరక్తి వచ్చిందా, వదిలేయండి, పోయేదేమీ లేదు. మట్టి, బలపాలు, పచ్చి బియ్యం తినాలనిపిస్తుంటే మాత్రం దాచుకోకుండా డాక్టర్‌కి చెప్పండి, రక్తహీనత వల్ల కావచ్చు.

చాలామందికి నాలుగో నెల దాటాక తగ్గుతుంది. నాకు చేపలు ఐదో నెలలో మళ్ళీ ఇంట్లోకి వచ్చాయి, బెండకాయ వేపుడు మాత్రం రెండో కాన్పు అయ్యాక కూడా రాలేదు.

కానీ రోజంతా నీళ్ళు కూడా నిలవకపోయినా, ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, వచ్చింది ముదురు రంగులో ఉన్నా, లేవగానే కళ్ళు తిరుగుతున్నా, బరువు గబగబా తగ్గుతున్నా చిట్కాలు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి, సెలైన్ అవసరం కావచ్చు. అంత దాకా రాకపోయినా ఈసారి చెకప్‌లో వాంతులకి మాత్ర అడగండి. డాక్సిలమైన్, విటమిన్ బి6 కలిసిన మాత్ర గర్భిణులకి ఎన్నో ఏళ్ళుగా రాస్తున్నదే, భయపడి మానుకునేవాళ్ళే ఎక్కువ. ఫోలిక్ యాసిడ్ మానొద్దు, పొద్దున పడకపోతే రాత్రి పడుకునే ముందు వేసుకోండి. ఐరన్ మాత్ర ఇప్పుడే ఇచ్చి ఉంటే, దానివల్లే వికారం పెరుగుతోందేమో, ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో వాళ్ళనే అడగండి.