బాల్ జాయింట్లు మార్చబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, జయపురం నుంచి మావయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో చెప్పిన లక్షణాలు బాల్ జాయింట్‌వే, అదే, చక్రం వైపు భాగాన్ని సస్పెన్షన్ ఆర్మ్‌కి కలిపే బంతి కీలు. గుంతలో దిగితే ముందు ఎడమ వైపు టక్‌మని మోత, స్టీరింగ్ నిలకడ లేకపోవడం, టైరు లోపలి అంచు తినేయడం. కానీ స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ పోయినా, ఆర్మ్ మొదట్లో ఉండే రబ్బరు బుష్‌లు పోయినా, వీల్ బేరింగ్ లూజైనా దాదాపు ఇవే కనిపిస్తాయి. రాయగడలో మీ ఫిట్టర్ అన్నీ ఒకేసారి మార్చేద్దాం అన్నాడట. వాడికి అది సుఖం, డబ్బు నీది. ముందు ఏది పోయిందో తేల్చుకో.

తేల్చుకోవాలంటే బండి బరువు ఎక్కడ కూర్చుందో తెలియాలి. నీ పికప్‌లో కాయిల్ స్ప్రింగ్ కింది ఆర్మ్ మీద ఉంది. అంటే ముందు భాగం బరువంతా కింది బాల్ జాయింట్ మోస్తుంది, పై జాయింట్ చక్రాన్ని నిలువుగా పట్టుకుంటుంది. ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపావనుకో, స్ప్రింగ్ ఆర్మ్‌ను కిందికి తోసి జాయింట్‌ను బిగించేస్తుంది. ఎంత అరిగినా చేతికి తెలియదు. అందుకే జాకీ కింది ఆర్మ్ కిందే, జాయింట్‌కి వీలైనంత దగ్గరగా పెట్టి, టైరు నేల మీంచి రెండు మూడు అంగుళాలు లేచేలా చెయ్యి. ఛాసిస్‌కి స్టాండు విడిగా పెట్టు. కాయిల్ స్ప్రింగ్ బదులు టార్షన్ బార్, అంటే మెలితిరుగుతూ స్ప్రింగ్‌లా పనిచేసే కడ్డీ, పై ఆర్మ్‌కి తగిలించిన బండ్లు కూడా ఉన్నాయి. వాటికి లెక్క తిరగబడుతుంది, బరువు మోసేది పై జాయింట్. ఎవరి బండి చూసినా ముందు ఈ సంగతి చూసుకో.

ఇప్పుడు టైరు కింద గునపం పెట్టి పైకి ఎత్తు, ఇంకొకరిని జాయింట్ దగ్గర కళ్లు పెట్టి చూడమను. తర్వాత టైరును పైనా కిందా పట్టుకుని ఊపు. ఆట, అంటే వదులు కదలిక, కనిపిస్తే ఒకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపు. బ్రేకు తొక్కగానే ఆట పోతే అది వీల్ బేరింగ్. పోకపోతే బాల్ జాయింట్. పక్కలకి పట్టుకుని ఊపినప్పుడు ఆట ఉంటే టై రాడ్ వైపు చూడు. ఎంత ఆట వరకు ఒప్పుకోవచ్చో బండి మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే నమ్ము. రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికొచ్చి ఉంటే మాత్రం ఇంకా ఆట రాలేదని వదిలేయకు. మన గెడ్డలు దాటే బండికి ఆ చిరుగులోంచి నీళ్లూ మట్టీ పోతాయి. లోపల తుప్పు పట్టాక ఆ కీలు ఎన్నాళ్లో నిలవదు.

కింది జాయింట్ గురించి నాకెందుకింత పట్టుదల అంటావా? అది ఊడితే చక్రం పక్కకి మడతపడి బండి నేలకి కూలుతుంది, ఫోర్ వీల్ డ్రైవ్‌లో చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ కూడా లాక్కుపోతుంది. సుంకి ఘాట్‌లో లోడుతో దిగుతూ బ్రేకు కొట్టినప్పుడు బరువంతా ముందుకే వస్తుంది. జాయింట్ సంగతి తేలేదాకా లోడుతో సాలూరు వైపు దిగొద్దు. సామాను వేరే బండిలో పంపించు.

ఇక మార్చే పని. చక్రం బిగించే హబ్ మధ్యలోంచి ఆ షాఫ్ట్ వస్తుంది కాబట్టి దాని చివరనున్న పెద్ద నట్టును బండి నేల మీద ఉండగానే, బ్రేకు తొక్కించి వదులు చెయ్యి. పూర్తిగా తీసేశాక ఆ బండిని అంగుళం కూడా తొయ్యొద్దు, బేరింగ్ పాడవుతుంది. బ్రేకు క్యాలిపర్‌ను బ్రేకు ఆయిల్ గొట్టానికి వేలాడదీయకుండా తీగతో స్ప్రింగ్‌కి కట్టు. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) వైరు ఉంటే ముందే విప్పు. హబ్‌ను పట్టుకునే నకిల్‌ను బయటికి లాగేటప్పుడు షాఫ్ట్‌ను ఒక చేత్తో పట్టుకో, లేకపోతే షాఫ్ట్ లోపలి చివరి జాయింట్ విడిపోతుంది.

కింది ఆర్మ్ కింద జాకీ పని పూర్తయ్యేదాకా కిందికి దిగకూడదు, పక్కకి జరగకూడదు. స్ప్రింగ్‌లో ఉన్న బలం మనిషి ప్రాణం తీసేంత. టార్షన్ బార్ బండి అయితే అడ్జస్టర్ బోల్టు ఎన్ని చుట్లు విప్పావో రాసుకుని, పెయింటుతో గుర్తు పెట్టుకో.

జాయింట్ స్టడ్ (బంతి నుంచి వచ్చే కడ్డీ) మీది నట్టు తిరగకుండా గుచ్చిన స్ప్లిట్ పిన్ తీసి, గాడులున్న ఆ కాజిల్ నట్టును వదులు చెయ్యి, కానీ చివరి మూడు నాలుగు పళ్ల మీద ఉంచు. టేపర్, అంటే నకిల్ రంధ్రంలో బిగుసుకున్న, సన్నబడుతూ పోయే స్టడ్ భాగం, ఒక్కసారిగా వదిలినప్పుడు ఆ నట్టే నిన్ను కాపాడుతుంది. కొట్టాల్సింది స్టడ్ తలమీద కాదు, నకిల్‌లో టేపర్ పట్టిన చోట పక్క నుంచి. రెండు సుత్తులతో ఎదురెదురుగా ఒక దెబ్బ వేస్తే చాలా వరకు వదిలేస్తుంది. జాయింట్ ఊడదీసే ఫోర్క్ పనిముట్టు దూర్చితే బూటు చిరుగుతుంది. తీసేసే జాయింట్‌కి పర్లేదు, ఉంచుకునే టై రాడ్ ఎండ్‌కి వాడొద్దు. గ్యాస్ మంట పెడతానంటే ఒప్పుకోకు. వేడి చేసిన ఆర్మ్ ఇనుము బలం పోతుంది, ఆ పోయింది కంటికి కనిపించదు.

జాయింట్ బోల్టులతో ఉందా, ఆర్మ్‌లోకి ప్రెస్ చేసి సర్క్లిప్ (ఊడకుండా పట్టే రింగు) వేసిందా చూడు. ప్రెస్ రకమైతే సుత్తితో దించకు, బాల్ జాయింట్ ప్రెస్సుతో నిటారుగా దించాలి. లేత్ షాపుకి ఆర్మ్ పట్టుకెళ్లినా సరే, కానీ స్ప్రింగ్‌ను కంప్రెసర్‌తో అదిమి పట్టకుండా కింది ఆర్మ్ విప్పొద్దు. అలా ఆర్మ్ విప్పితే దాని బుష్ బోల్టులను బండి చక్రాల మీద నిలబడ్డాకే బిగించు. గాల్లో ఉండగా బిగిస్తే బుష్ మెలితిరిగి త్వరగా పోతుంది.

కొత్త స్టడ్‌కి గ్రీజు రాయొద్దు, టేపర్ పొడిగా శుభ్రంగా ఉండాలి. నట్టు తిప్పుతుంటే స్టడ్ కూడా తిరిగితే జాకీని కొద్దిగా పైకి లేపు, టేపర్ పట్టేస్తుంది. మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి బిగించాక పిన్ను రంధ్రం కుదరకపోతే ఇంకాస్త బిగించాలి గానీ వెనక్కి వదలకూడదు. స్ప్లిట్ పిన్ కొత్తదే వెయ్యి, పది రూపాయల దగ్గర పిసినారితనం వద్దు. గ్రీజు కొట్టే నిప్పిల్ ఉంటే బూటు కొంచెం ఉబ్బేదాకా గ్రీజు కొట్టు, పగిలేదాకా కాదు.

కుడి వైపు జాయింట్లు బాగానే ఉన్నాయని తేలితే వాటిని ముట్టుకోవద్దు. ఇక్కడ నీ ఫిట్టర్‌తో నాకు పేచీ. రెండు వైపులా ఒకేలా అరిగితే మాత్రం జతగా మార్చు. పూర్తయిన వెంటనే చక్రాల అలైన్‌మెంట్ చేయించు, అది తప్పితే కొత్త టైర్లు కూడా తినేస్తుంది. నూరు కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మళ్లీ బిగించి చూసుకో. విప్పిన పాత జాయింట్లు పారేయకు, ఈసారి వచ్చేటప్పుడు తీసుకురా, ఏ వైపు ఎలా అరిగిందో ఇద్దరం చూద్దాం.

ఇట్లు,
మావయ్య