బండిలో పడుకునే ముందు బండి కింద పడుకో

చిరంజీవి కార్తీక్‌కు,

ఫీనిక్స్ నుంచి పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు చూశాం. 2002 టయోటా టకోమా ట్రక్కు, వి6 ఇంజను, ఫోర్ వీల్ డ్రైవ్, వెనక ఆరడుగుల తొట్టి. మంచి బండే కొన్నావు. మీ పెదనాన్న ఆ ఫోటోలను పెద్దవి చేసుకుని ఒక పూటంతా చూశారు.

బండిలోనే పడుకుంటూ ఊళ్లు తిరగడానికి దానికి ఏమేం తగిలించాలో నువ్వు పంపిన జాబితా కూడా చదివాను. పైకప్పు మీద గుడారం, ముందు ఉక్కు బంపరు, దానికో వించి (ఇరుక్కున్న బండిని తీగతో లాగే యంత్రం), 33 అంగుళాల టైర్లు, ఫ్రిజ్, లిథియం బ్యాటరీ, సోలార్ పలకలు, తొట్టిలో సొరుగులు. అందులో బ్రేకుల మాట లేదు, ఛాసిస్ మాట లేదు. ఇరవై ఏళ్లు దాటిన బండికి కొత్త సామాను తగిలించే ముందు దాని ఒళ్లు ఎలా ఉందో చూడాలి కదా నాన్నా. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఈ బండి మొదటి పదేళ్లు మిషిగన్‌లో తిరిగిందని రాశావు. నాకు అన్నిటికంటే దిగులు కలిగించింది ఆ ఒక్క వాక్యమే. అక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. కరిగిన మంచుతో కలిసి ఆ ఉప్పు ఛాసిస్ కమ్మీల లోపలికి చేరి, అక్కడే బురదలో కూరుకుపోతుంది. తుప్పు లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది. పైన నల్ల రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. 1995 నుంచి 2004 వరకు వచ్చిన ఆ తరం టకోమాలకు ఈ తుప్పు సంగతి అందరికీ తెలిసినదే. 2008లో టయోటాయే 1995-2000 బండ్ల ఛాసిస్‌లకు వారంటీ పొడిగించి, బాగా దెబ్బతిన్నవాటిని తిరిగి కొనుక్కుంది. తర్వాతి ఏళ్ల బండ్లకు ఛాసిస్‌లు మార్చింది. ఆ గడువులు ఎప్పుడో దాటిపోయాయి. ఇప్పుడు చూసుకోవలసింది నువ్వే.

చూడటం కష్టమేమీ కాదు. చదునైన చోట బండి ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, కంటికి అద్దాలు పెట్టుకుని కింద పడుకో. చేతిలో చిన్న సుత్తి, టార్చిలైటు ఉంటే చాలు. ముందు నుంచి వెనక వరకు కమ్మీని జానెడుకొక దెబ్బ చొప్పున కొడుతూ పో. గట్టి ఇనుము ఖంగుమని మోగుతుంది, దెబ్బ చేతికి ఎదురు తంతుంది. తుప్పు తిన్న చోట మాత్రం అట్టపెట్టెను కొట్టినట్టు డబ్బుమంటుంది, పెచ్చులు రాలి ముఖం మీద పడతాయి. వెనక లీఫ్ స్ప్రింగులు ఛాసిస్‌కు బిగించే చోట, స్టెప్నీ చక్రం వేలాడే చోట ఎక్కువ సేపు ఆగు. అక్కడ సుత్తి లోపలికి దిగిందంటే మిగతా జాబితా అంతా పక్కన పెట్టి నాకు ఫోను చెయ్యి.

స్టెప్నీ దగ్గరికి వచ్చావు కాబట్టి దాన్ని ఒకసారి కిందికి దించి మళ్లీ ఎక్కించు. మా పాత బండితో యూటాలో ఒకచోట టైరు చీరుకుపోతే, స్టెప్నీని దించే గొలుసు తుప్పుకు బిగుసుకుపోయి గంటన్నర కదలలేదు. మట్టిలో పడుకుని మీ పెదనాన్న, నేను వంతులవారీగా నూనె పోస్తూ తట్టాం. ఎండ దిగింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ఏటా రెండుసార్లు దించి, గొలుసుకు గ్రీజు రాసి ఎక్కిస్తున్నాం.

తర్వాత ముందు చక్రాల కింది బాల్ జాయింట్లు. 2001-2004 బండ్లకు ఇవే భాగాల కోసం 2005లో టయోటా రీకాల్ చేసింది. బండి నంబరు చెబితే డీలరు రికార్డు చూసి నీ బండికి ఆ పని జరిగిందో లేదో చెబుతారు. జరిగి ఉన్నా ఇన్నేళ్లయింది, కొత్తవి వేయించు. ఆ జాయింటు ఊడితే చక్రం పక్కకు మడుచుకుపోతుంది. అది ఇంటి ముందు జరగడం వేరు, లోయ అంచున జరగడం వేరు. ఈ ఇంజనుకు టైమింగ్ బెల్టు 90,000 మైళ్లకొకసారి మార్చాలి. అమ్మినవాళ్లు మార్చామన్నారని రాశావు. రసీదు ఉంటే సరే. లేకపోతే మార్చలేదనే అనుకుని, వాటర్ పంపుతో సహా మార్పించు. బ్రేకులు, రబ్బరు గొట్టాలు, రేడియేటరు ఎలాగూ చూపిస్తావు.

ఇక అసలు విషయం, బరువు. ముప్పై ఏళ్లు వంతెనల లెక్కలు వేసినదాన్ని. వంతెనకు తన సొంత బరువు ఒకటి, పైన వచ్చిపోయే బరువు ఒకటి. రెండూ కలిపి దాటకూడని హద్దు ఒకటి ఉంటుంది. నీ బండికీ అంతే. డ్రైవరు తలుపు తీస్తే అంచున అతికించిన చీటీ మీద ఆ హద్దు రాసి ఉంటుంది. నీ ఫోటోలో 5,100 పౌండ్లని కనిపించింది. ట్యాంకు నింపి, నువ్వూ సుప్రజా కూర్చుంటే బండి 4,000 పౌండ్ల దాకా తూగుతుందని నా అంచనా. మిగిలింది 1,100. ఇప్పుడు నీ జాబితాను దాని మీద పెట్టి చూద్దాం. తొట్టిని గదిలా కప్పే టాపర్ 180, గుడారం 140, దాన్ని నిలబెట్టే కమ్మీలు 60, ఉక్కు బంపరు, వించి కలిపి 200, పెద్ద టైర్ల అదనపు బరువు 75, సరుకులతో ఫ్రిజ్ 80, బ్యాటరీ 30, సోలార్ పలకలు 25, సొరుగులు 150, పది గాలన్ల నీళ్లు 83, బట్టలు, పనిముట్లు, తిండి 150. మొత్తం 1,173. ఇంకా కుర్చీ ఒక్కటీ ఎక్కించలేదు, అప్పుడే హద్దు దాటింది.

బలమైన స్ప్రింగులు వేస్తే సరిపోతుందని నీకు చాలామంది చెబుతారు. స్ప్రింగులు బండి వెనక భాగాన్ని పైకి లేపుతాయి, అంతే. బ్రేకులు అవే, యాక్సిల్ అదే, ఛాసిస్ అదే. తలుపు మీది అంకె అలాగే ఉంటుంది. పైగా గుడారం బరువు నెత్తిన ఉంటుంది. పక్కకు వాలిన దారిలో నెత్తిన ఉన్న వంద పౌండ్లు నేల దగ్గరి మూడు వందల కంటే ఎక్కువగా భయపెడతాయి.

నా మాట విని గుడారం, దాని కమ్మీలు, ఉక్కు బంపరు, వించి, 33 అంగుళాల టైర్లు వదిలెయ్యి. 475 పౌండ్లు అక్కడే తగ్గాయి. బ్యాంకులో డబ్బు కూడా మిగిలింది. ఆ డబ్బుతోనే బాల్ జాయింట్లు, బ్రేకులు, మంచి టైర్లు వస్తాయి. 31 అంగుళాల ఆల్ టెర్రైన్ టైర్లు ఈ బండికి చక్కగా అమరుతాయి, ఎత్తు పెంచే పని లేదు. పెద్దవి వేస్తే గేర్లు బరువుగా లాగుతాయి, స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, బ్రేకు ఆలస్యంగా పడుతుంది. పాత టైర్లు అంటగడితే పక్కన ‘డాట్’ తర్వాత ఉండే చివరి నాలుగంకెలు చూడు. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. వించికి బదులు ఒక పార, ఇరుక్కున్న చక్రాల కింద వేసే రెండు ఇసుక పలకలు, తోడుగా మరో బండి ఉంటే చాలు. ఒంటరిగా వెళ్లే చోటికి వించి ధైర్యంతో వెళ్లకు.

పడక టాపర్ లోపలే కట్టుకో. ఇందులో నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకూడదు. మొదటిసారి అడుగు ఎత్తున సొరుగులు చేసి, వాటి మీద చెక్క, చెక్క మీద పరుపు వేశాం. గ్యారేజీలో చూస్తే ఎంతో ముచ్చటగా ఉంది. ఆ అక్టోబరులో కైబాబ్ పీఠభూమి మీద, జేకబ్ లేక్ దగ్గర అడవిలో నాలుగు రాత్రులున్నాం. లేచి కూర్చుంటే తల కప్పుకు కొట్టుకునేది. పడుకునే స్వెట్టర్ తొడుక్కోవాలి, పడుకునే జడ వేసుకోవాలి. మూడో రోజుకు మీ పెదనాన్నకు నడుము పట్టేసింది. ఇంటికి రాగానే మొత్తం విప్పి, చక్రాల గూళ్ల ఎత్తుకు కోసి మళ్లీ కట్టాం. కాబట్టి చెక్క కొనే ముందు తొట్టిలో అట్టపెట్టెలు పేర్చి, వాటి మీద పరుపు వేసి, ఇద్దరూ లేచి కూర్చుని చూడండి. ముప్పావు అంగుళం ప్లైవుడ్ నిండు షీటు 60 పౌండ్ల పైమాటే. అర అంగుళం తీసుకుని కింద అడ్డపట్టీలు దగ్గరగా వెయ్యి. సొరుగులు అసలు వద్దు. నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు చాలు, లాగితే వస్తాయి, తోస్తే పోతాయి.

ఆ ప్రయాణంలోనే ఇంకోటి తెలిసింది. చలికి కిటికీలన్నీ బిగించి పడుకున్నాం. తెల్లవారి టార్చి వేస్తే కప్పు నిండా నీటి బొట్లు, చెమట పట్టిన నుదురులాగా. వేలితో ముడితే బొట్టు బొట్టుతో కలిసి జారి దుప్పటి మీద పడింది. ఇద్దరి ఊపిరే అదంతా. ఎంత చలైనా ఎదురెదురు కిటికీలు రెండు వేళ్ల సందున తీసి ఉంచాలి. కప్పుకు లోపల దళసరి గుడ్డ అంటిస్తే ఇంకా మంచిది.

కరెంటు గురించి ఎక్కువ చెప్పను, నువ్వే నాకంటే బాగా చదివావు. 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి చాలు, చిన్న ఫ్రిజ్ రెండు రోజులు నడుస్తుంది. ఇంజను స్టార్టు చేసే బ్యాటరీతో దాన్ని నేరుగా కలపకు, మధ్యలో డీసీ-డీసీ ఛార్జరు ఉండాలి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఆ రకం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జి చేయకూడదు, డెన్వర్ చలిలో ఇది బాగా గుర్తుంచుకో.

వంట మాత్రం టాపర్ లోపల ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. బయట వాన కురిసినా, మంచు కురిసినా సరే. స్టవ్వు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పది డాలర్లు ఎక్కువైనా మంచి అలారం కొని పడక పక్కన పెట్టుకో. వెనక తలుపు దించితే అదే వంటగట్టు. రెండు లీటర్ల ప్రెషర్ కుక్కర్ తప్పకుండా తీసుకెళ్లు. పది వేల అడుగుల ఎత్తున నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు గంటలు గంటలు తిరుగుతూనే ఉంటుంది గానీ మెత్తబడదు, గ్యాసు అయిపోతుంది. మొదటి రోజుకు ఇంటి దగ్గరే పులిహోర కలిపి పెట్టుకోండి. ఎంత దూరం నడిపి వచ్చినా చీకట్లో స్టవ్వు వెలిగించే పని ఉండదు.

ఆవకాయ తీసుకెళ్లు గానీ దాన్ని టాపర్‌లో ఉంచి నిద్రపోకు. కొలరాడో నల్ల ఎలుగులు కారు తలుపు తెరవడం నేర్చుకున్నాయి, నీకు టాపర్ అంటే వాటికి పలచని డబ్బా. పోపు గిన్నె, పచ్చడి సీసా, టూత్‌పేస్టు, అన్నీ ఎలుగు తెరవలేని పెట్టెలో పెట్టి దూరంగా ఉంచు. యోసెమిటీలో అయితే చీకటి పడ్డాక బండిలో తిండి ఉంచడమే నిషేధం.

మట్టిదారి మొదలవగానే టైర్లలో గాలి తగ్గించు. 35 ఉంటే 22కు దించు. బండి గతుకుల మీద వణకడం ఆగి, నడక మెత్తబడుతుంది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి, కాబట్టి కంప్రెసరు ఉండాలి. యూటాలో ఎస్కలాంటే దగ్గరి మట్టిదారుల్లో వాన పడితే నడపనే నడపకు. అక్కడి బంకమన్ను మన గుంటూరు నల్లరేగడికి చుట్టం. తడిస్తే ఉబ్బి, టైరు గాడుల్లో నిండిపోయి, చక్రం చక్రంలా ఉండదు, సబ్బుముక్క అవుతుంది. ఎండే దాకా ఒకరోజు ఆగి తీరాలి. రెండు రోజుల తిండి, మనిషికి రోజుకో గాలన్ నీళ్లు అదనంగా ఉండేది అందుకే. అదే రాష్ట్రంలో ఐ-70 మీద గ్రీన్ రివర్ నుంచి సలీనా వరకు వంద మైళ్లకు పైగా పెట్రోలు బంకే లేదు, ట్యాంకు నింపుకుని బయలుదేరు. బీఎల్ఎం అనే కేంద్ర ప్రభుత్వ శాఖ చూసుకునే భూముల్లో సాధారణంగా ఒకచోట 14 రోజులే ఉండనిస్తారు. మంటలు వేయవచ్చో లేదో ఆ రోజు స్థానిక రేంజరు ఆఫీసులో అడిగే వేసుకో. ఫోను సిగ్నలు ఉండదు కాబట్టి ఉపగ్రహ సందేశ పరికరం ఒకటి కొనుక్కో, దీని దగ్గర మాత్రం డబ్బు చూసుకోవద్దు.

మొదటి రాత్రి ఎక్కడికీ వెళ్లవద్దు. మీ ఇంటి ముందే బండిలో పడుకోండి. మరిచిపోయినవి ఏమిటో ఆ రాత్రే తెలుస్తాయి, రెండడుగులు వేస్తే ఇల్లు ఉంటుంది. రెండో ప్రయాణం గంట దూరంలోకి. యూటాలోని కాన్యన్‌ల్యాండ్స్ పార్కు మాట ఆ తర్వాత.

ఈ శనివారం సుత్తి పట్టుకుని బండి కిందికి వెళ్లు. తర్వాత ట్రక్ స్టాపులో తూకం వేయించి ఆ చీటీ ఫోటో నాకు పంపు. నేను వేసినవన్నీ అంచనాలు, ఆ అంకె వచ్చాక ఇద్దరం కలిసి మళ్లీ లెక్క వేద్దాం. పడక కొలతలు అప్పుడు చెబుతాను, అంతవరకు చెక్క కొయ్యకు. మీ పెదనాన్న మా పాత కుక్కర్‌ను కొత్త గాస్కెట్టుతో పార్సిల్ చేశారు, బుధవారానికి అందుతుంది. సుప్రజకు నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
నీ పెద్దమ్మ