విస్టాలో స్విఫ్ట్ ఇంజిన్ పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది నరసన్నపేట. నా పేరు మీద 2012 మోడల్ టాటా ఇండికా విస్టా డీజిల్ కారు ఉంది. ఫైనాన్స్ ఏమీ లేదు. కూలెంట్ కారిపోయి బండి వేడెక్కింది, ఇంజిన్ పట్టేసింది. పర్లాకిమిడిలో యాక్సిడెంట్ అయిన స్విఫ్ట్ ఇంజిన్ ఒకటి ఉందని, రెండు బండ్లదీ ఒకటే ఇంజిన్ అని, ఆర్‌సీలో సీసీ కూడా మారదు కాబట్టి ఎవరూ అడగరని మెకానిక్ అంటున్నాడు. పది వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. మా బావగారేమో బండి సీజ్ చేస్తారని అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావగారు చెప్పిందే వినండి. ఇంజిన్ ఇంకా దించకపోతే పని అక్కడితో ఆపించండి.

మెకానిక్ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజిన్‌నే టాటా వాళ్లు క్వాడ్రాజెట్ పేరుతో విస్టాలో, మారుతి వాళ్లు డీడీఐఎస్ పేరుతో స్విఫ్ట్‌లో వాడారు. రెండూ 1248 సీసీయే. అయితే విస్టాలో టాటా సొంత 1.4 లీటర్ల టీడీఐ ఇంజిన్‌తో వచ్చిన బండ్లు కూడా ఉన్నాయి. ముందు మీ ఆర్‌సీ తీసి చూడండి. అందులో 1405 సీసీ అని ఉంటే, సీసీ మారదన్న మాట కూడా తప్పే.

1248 అనే ఉందనుకుందాం. అయినా చట్టం దృష్టిలో అవి రెండు వేరు ఇంజిన్లు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52(1) ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఉండేలా ఏ యజమానీ బండిని మార్చకూడదు. విస్టా అనే బండిని దాని ఇంజిన్‌తో, గేర్‌బాక్స్‌తో, పొగ నియంత్రణ ఏర్పాట్లతో కలిపి పరీక్షించి, ఆమోదించాకే అమ్మకానికి వదిలారు. స్విఫ్ట్‌కు ఆ పరీక్షలు విడిగా జరిగాయి. స్విఫ్ట్ ఇంజిన్ బిగించిన విస్టాను మాత్రం ఎవరూ పరీక్షించలేదు, ఎవరూ ఆమోదించలేదు.

అదే సెక్షన్‌లోని రెండో ఉపవిభాగం చదివితే చట్టం మనసు ఇంకా బాగా తెలుస్తుంది. కనీసం పది రవాణా వాహనాలు ఉన్న యజమానులకు, ముందస్తు అనుమతి లేకుండానే ఇంజిన్ మార్చుకునే వెసులుబాటును రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వవచ్చు. అదైనా అదే తయారీ, అదే రకం ఇంజిన్‌కే. లారీల మీద బతికే ట్రాన్స్‌పోర్టు యజమానికే ఇంతకుమించి ఇవ్వని చట్టం, సొంత కారు ఉన్న మీకు వేరే కంపెనీ ఇంజిన్ పెట్టుకోమంటుందా? కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే తేల్చింది. తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చడానికి వీల్లేదని, రాష్ట్ర నియమాలు కూడా సెక్షన్ 52(1)కు లోబడే ఉండాలని చెప్పింది.

కొందరు మెకానిక్‌లు 'మార్చాక 14 రోజుల్లో ఆర్‌టీఓ ఆఫీసులో చెబితే చాలు' అంటుంటారు. 14 రోజుల మాట సెక్షన్ 52(3)లో ఉన్న మాట నిజమే. కానీ అది జరిగిన మార్పును ఆర్‌సీలో ఎక్కించుకోవడానికి పెట్టిన గడువు. చేయకూడని మార్పు చేసి పద్నాలుగో రోజున కాగితం పెడితే అది సక్రమమైపోదు.

ఇక ఎవరూ అడగరన్న మాట. స్విఫ్ట్ డీజిల్ ఇంజిన్ల మీద డీ13ఏ అనే కోడ్ ఉంటుంది. దాన్ని టాటా బండిలో చూస్తే ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కైనా సంగతి తెలిసిపోతుంది. మీ బండి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు, అంటే 2027లో తీరుతుంది. రెన్యువల్‌కు బండిని చూపించక తప్పదు. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ ఆర్‌సీతో సరిపోల్చకుండా ఆ పని అవ్వదు. అప్పుడు నంబర్ కలవకపోతే రెన్యువల్ ఆగిపోతుంది, పైగా కేసు కూడా పెట్టవచ్చు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పాత నంబర్‌ను కొత్త ఇంజిన్ మీద పంచ్ కొట్టిస్తానని ఎవరైనా అంటే ఆ షెడ్డు వైపు మళ్లీ వెళ్లకండి. అది మిమ్మల్ని క్రిమినల్ కేసులోకి లాగే పని.

జరిమానా కన్నా నాకు ఇన్సూరెన్స్ గురించే ఎక్కువ టెన్షన్. మీ పాలసీ కాగితం మీద కూడా ఇంజిన్ నంబర్ ఉంటుంది. రేపు హైవే మీద ఏదైనా జరిగితే సర్వేయర్ బానెట్ ఎత్తి చూస్తాడు. చెప్పకుండా ఇంజిన్ మార్చారని తేలితే మీ బండి డ్యామేజీ క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి గట్టి కారణం దొరికినట్టే. మీ బండి తగిలి ఎవరైనా గాయపడినా, ప్రాణం పోయినా, ఆ కుటుంబానికి పరిహారం కట్టాక ఆ సొమ్మును మీ దగ్గర రాబట్టుకోవడానికి కంపెనీ ప్రయత్నించవచ్చు. అలాంటి కేసుల్లో మొత్తం లక్షల్లో ఉంటుంది. కారు మీద కాస్త మిగుల్చుకుందామని చూసి, ఇల్లూ పొలమూ ఆ లెక్కలోకి తెచ్చుకోవద్దు.

పర్లాకిమిడి ఇంజిన్‌కు తెల్లకాగితం బిల్లు తప్ప ఇంకేమైనా ఉందా? యాక్సిడెంట్‌లో పూర్తిగా పాడైన బండి గురించి దాని యజమాని సెక్షన్ 55 కింద 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి, ఆర్‌సీ అప్పగించాలి. ఆ కాగితాలు చూపలేని ఇంజిన్ దొంగబండిది కూడా అయి ఉండవచ్చు. దొంగసొత్తని తెలిసో, అలా నమ్మడానికి కారణం ఉండో కొన్నవారికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది.

మీకున్న మంచి దారి పాత ఇంజిన్‌నే బాగుచేయించడం. బ్లాక్ పగలకపోతే బోరింగ్ చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్ పని చేయించుకోవచ్చు. నంబర్ ఉన్న బ్లాక్ అదే కాబట్టి అది రిపేరే, మార్పు కాదు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. బిల్లులు మాత్రం దాచండి. బ్లాక్ పనికిరాకపోతే అదే టాటా, అదే రకం ఇంజిన్ వెతకండి. కొనే ముందే శ్రీకాకుళం రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, అనుమతి చేతికొచ్చాకే బిగించండి. తర్వాత ఆర్‌సీలో కొత్త నంబర్ ఎక్కించుకుని, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలిపి పాలసీలోనూ మార్పించండి.

అడ్వాన్స్ సంగతి. 'ఈ మార్పు చట్టప్రకారం చెల్లదని తెలిసింది, నాకు ఇంజిన్ వద్దు, పది వేలు తిరిగి ఇవ్వండి' అని ఇవాళే మెకానిక్‌కు వాట్సాప్‌లో పంపండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. ఎవరూ అడగరని అతను రాసిన మెసేజ్‌లు ఉంటే చెరిపేయకండి. అదే డబ్బును పాత ఇంజిన్ రిపేరులో సర్దుకుంటానంటే ఒప్పుకోండి, అందరికీ సులువు. కాదంటే నోటీసు ఇచ్చి, శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.