మూడు నెలలుగా రోజూ గంట నడుస్తున్నా బరువు తగ్గలేదు, చెమట కూడా పెద్దగా పట్టదు. కార్డియో నాకు పనిచేయనట్టేనా?

దయచేసి నడక మానకండి. ముందు ఆ మాట చెప్పాలనే రాస్తున్నాను. ఆరేళ్ల కిందట నేను సరిగ్గా ఇలాగే అనుకుని ఏడాది పాటు మానేశాను. ఆ ఏడాదిలోనే షుగర్ బోర్డర్‌కి వచ్చింది.

మాది విశాఖ. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బళ్లు ఆపేస్తారు కాబట్టి మా బ్యాచ్ అంతా అక్కడే నడుస్తాం. మీరు చెమట గురించి అడిగారు కదా, మా ఊళ్లో మే నెలలో బెంచీ మీద ఊరికే కూర్చున్నా చొక్కా తడిసిపోతుంది. గాలిలో తేమ అంత ఉంటుంది. అప్పట్లో గంట నడిచి వచ్చి తూకం చూసుకుంటే 700 గ్రాములు తగ్గి కనిపించేది, సంతోషపడేవాణ్ని. మంచినీళ్లు, మజ్జిగ తాగి టిఫిన్ తినేసరికి అదంతా తిరిగొచ్చేసేది. పోయింది నీరే కదా. చెమట ఒంటిని చల్లబరచడానికి పడుతుంది, దానికీ కొవ్వుకీ సంబంధం లేదు. కరిగిన కొవ్వులో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఊపిరితోనే బయటికి పోతుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన చెమట బాగా పట్టాలని ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని నడిచి, ఒకరోజు కళ్లు తిరిగి రోడ్డు పక్కనే కూలబడిపోయారు. అలాంటి పని మాత్రం చేయకండి.

ఇక బరువు. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి. అప్పుడు నేను 86 కిలోలు. గంటలో ఐదు కిలోమీటర్లు నడిస్తే దాదాపు 300 ఖర్చవుతాయి. అందులో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవి తీసేస్తే నడక వల్ల అదనంగా పోయేవి 215 దాకా. అంటే తిండి ఏమాత్రం పెరగకుండా ఉంటేనే కిలో తగ్గడానికి నెల పైన పడుతుంది. మేమేమో నడక అవగానే టిఫిన్ సెంటర్‌కి వెళ్లి పూరీ, మీద రెండు గారెలు తినేవాళ్లం. ఇంక బరువు ఎలా తగ్గుతుంది? ట్రెడ్‌మిల్ మీద కనిపించే క్యాలరీల అంకెను నమ్మి తినేవాళ్లకూ ఇదే జరుగుతుంది. బరువు తగ్గాలంటే ముందు కంచంలో మార్పు రావాలి.

నేను చేసిన అసలు పొరపాటు ఇంకొకటి. గంటసేపూ రాజకీయాలు, స్థలాల ధరలు మాట్లాడుకుంటూ తాపీగా నడిచేవాళ్లం. రోజూ నడుస్తున్నాను కదా అన్న ధైర్యంతో ఒకసారి సింహాచలం మెట్లదారి ఎక్కాను. వెయ్యికి పైగా మెట్లు. పదిచోట్ల ఆగాల్సి వచ్చింది. అప్పుడు డాక్టరుగారు చెప్పిన కొలత ఇప్పటికీ పాటిస్తున్నాను: నడుస్తుంటే మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. అప్పటి నుంచి మూడు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మామూలుగా నడవడం మొదలుపెట్టాను. రాత్రి భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు నడక.

ఎనిమిది నెలల్లో బరువు తగ్గింది మూడు కిలోలే. కానీ హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపించే రక్తపరీక్ష) 6.2 నుంచి 5.7కి వచ్చింది, పొద్దున్నే పల్స్ 84 ఉండేది 70కి దిగింది. ఆ ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, పూర్తి చేశాను. తూకం ఒక్కటే చూసుకుని ఉంటే నేను మళ్లీ మానేసేవాణ్ని.

పదివేల అడుగులు పూర్తవ్వలేదని కూడా టెన్షన్ పడకండి. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరుకి అర్థమే 'పదివేల అడుగుల మీటరు'. ఆ అంకె అలా స్థిరపడింది. అంతకన్నా తక్కువ నడిచినా మేలు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. దాంతోపాటు రెండు రోజులు కండరాలకు పని. ఆ రెండో మాట మనలో చాలామంది వదిలేస్తాం. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం పదేసి సార్లు చేసినా మొదలుపెట్టినట్టే.

మా ఆవిడ మోకాళ్లు అరిగిపోతాయని నడకకే భయపడేది. మోకాలి మృదులాస్థికి, అంటే కీలులో ఎముకల చివర ఉండే మెత్తటి పొరకి, రక్తనాళాలు ఉండవు. బరువు పడి, వదిలి, మళ్లీ పడుతుంటేనే దానికి పోషణ అందుతుంది. సరదాగా పరిగెత్తేవాళ్లలో కీళ్ల అరుగుదల కదలకుండా కూర్చునేవాళ్ల కంటే తక్కువగా కనిపించిందని 2017లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ కూడా చెప్పింది. ఇప్పటికే నొప్పి, వాపు ఉంటే మాత్రం డాక్టరుకి చూపించాకే మొదలుపెట్టండి. నడకలో ఛాతీ పట్టేసినట్టు ఉంటే అక్కడితో ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రేపు పొద్దున మంచం దిగకముందే పల్స్ ఒక నిమిషం లెక్కపెట్టి, తేదీతో రాసుకోండి. వారంలో మూడు రోజులు వేగం పెంచి నడిచి చూడండి. మూడు నెలలయ్యాక మళ్లీ లెక్కపెట్టి, ఎంత మారిందో ఇక్కడే రాయండి, ఎదురుచూస్తుంటాను.