ఈసీఎం మార్చే ముందు ఆ రెండు వైర్లు చూడు

తమ్ముడూ,

నీ మెసేజ్ చూశాను. డీజిల్ పికప్ స్టార్ట్ అవ్వట్లేదు, డాష్‌బోర్డ్ మీద లైట్లన్నీ వెలుగుతున్నాయి, స్కానర్ పెడితే యూ0100 కోడ్ వచ్చింది, ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పోయినట్టుంది కొత్తది తెప్పించెయ్యనా అని అడిగావు. ఇప్పుడే తెప్పించకు. ఆ కోడ్ చెప్పేది ఈసీఎం మాట మిగతా మాడ్యూల్స్‌కి (బండిలో ఉన్న మిగతా చిన్న కంప్యూటర్లకి) వినపడట్లేదని, అంతేగానీ అది పోయిందని కాదు. అవతలివాళ్ళు ఫోన్ ఎత్తకపోతే ముందు సిగ్నల్ చూసుకుంటాం కదా, ఇదీ అంతే.

పాత బండ్లలో ఒక్కో పనికి ఒక్కో వైరు వెళ్ళేది. ఆ వైర్ల మోపు తగ్గించడానికే బాష్ కంపెనీ వాళ్ళు 1983లో పని మొదలుపెట్టి 1986లో క్యాన్ బస్ బయటపెట్టారు, అంటే మాడ్యూల్స్ అన్నీ కలిసి మాట్లాడుకునే లైను. ఇప్పుడు కూలంట్ ఎంత వేడిగా ఉందో ఈసీఎం ఒక్కసారి చెప్తే మీటరు, ఏసీ, గేర్‌బాక్స్ అన్నీ ఆ మాటే వాడుకుంటాయి. క్యాన్ హై, క్యాన్ లో అని మెలితిప్పిన రెండే వైర్లు, ఖాళీగా ఉన్నప్పుడు రెండూ 2.5 వోల్టుల దగ్గరుంటాయి, మాట్లాడేటప్పుడు ఒకటి 3.5కి ఎక్కుతుంది ఇంకోటి 1.5కి దిగుతుంది. బయట నుంచి కరెంటు గోల పడినా రెండిటి మీదా ఒకేలా పడుతుంది, మధ్య తేడా మాత్రం మారదు, అందుకే మెలి. వైరు తెగి అతికించాల్సొస్తే ఆ మెలి మళ్ళీ తిప్పి పెట్టు, మర్చిపోకు.

ముందు బ్యాటరీలు. ఇలాంటి డీజిల్ పికప్‌లలో చాలావాటికి రెండుంటాయి, ఒకటి చూసి బాగుందని వదిలేస్తారు, రెండోది నీరసపడి సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ పడిపోతే మాడ్యూల్స్ ఒక్కొక్కటీ రీసెట్ అయ్యి యూ కోడ్లు గుట్టగా పడతాయి. తర్వాత ఈసీఎం ఫ్యూజులు, దాని ఎర్త్. నేను కొత్తలో స్కానర్ చెప్పిందే నమ్మి ఒకాయన బండికి మాడ్యూల్ మార్పించాను, అయినా కంప్లయింట్ అలాగే ఉంది, చివరికి చూస్తే ఛాసిస్ మీద తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు. ఆయన డబ్బు ఊరికే పోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, అందుకే నీకు ఇంత పొడుగ్గా రాస్తున్నా.

అవి బాగుంటే రెండు బ్యాటరీల నెగటివ్‌లూ తీసెయ్యి (ఒకటే తీస్తే కరెంటు ఇంకా ఉంటుంది, రీడింగ్ తప్పొస్తుంది), కాసేపాగి ఓబీడీ సాకెట్లో (స్కానర్ పెట్టేది) 6, 14 పిన్నుల మధ్య, అంటే క్యాన్ హై, క్యాన్ లో మధ్య, ఓమ్స్ చూడు. లైనుకి రెండు కొసల్లో 120 ఓమ్ రెజిస్టర్లు ఉంటాయి కాబట్టి 60 దగ్గర రావాలి. 120 వస్తే ఎక్కడో లైన్ తెగింది లేదా ఒక కొస రెజిస్టర్ అందట్లేదు. సున్నా దగ్గరొస్తే రెండు వైర్లూ ఎక్కడో కలిసిపోయాయి. కొన్ని బండ్లలో సాకెట్‌కీ లోపలి బస్‌కీ మధ్య గేట్‌వే అని మాటలు అటూ ఇటూ అందించే మాడ్యూల్ ఉంటుంది, అక్కడ ఈ లెక్క పనికిరాదు, ఆ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ దగ్గర పెట్టుకునే పని చెయ్యి.

షార్ట్ అనిపిస్తే మాడ్యూల్స్ కనెక్టర్లు ఒక్కొక్కటే పీకుతూ మీటర్ మీద కన్నేసి ఉంచు, ఏది పీకితే రీడింగ్ సరవుతుందో దొంగ అక్కడే. డీజిల్‌లో నాక్స్ సెన్సర్‌ని (పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు కొలిచేది) ముందు అనుమానించు, దానికి సొంత కంట్రోలర్ ఉంటుంది, చాలా బండ్లలో అదీ క్యాన్ మీదే ఉంటుంది, సైలెన్సర్ వేడి, బురద, నీళ్ళు అన్నీ దానికే. రెజిస్టర్ ఉన్న మాడ్యూల్ పీకితే 60 కాస్తా 120 అవుతుంది, అది చూసి కంగారు పడకు. తర్వాత వేయించిన అలారం, ట్రైలర్ వైరింగ్ లాంటివుంటే అవి కూడా చూడు, బస్ వైర్లు గీకి అతికించినవి చాలా చూశాను.

ఇంకోటి, ప్రోబ్ సూదితో వైరు పొడవకు, ఆ చిల్లులోంచి నీళ్ళు దిగి కొన్నాళ్ళకి రాగి పచ్చగా అయిపోతుంది. కనెక్టర్ వెనక నుంచే పెట్టు.

రేపు చూసి ఓమ్స్ ఎంతొచ్చాయో, సెల్ఫ్ కొట్టేటప్పుడు రెండు బ్యాటరీల వోల్టేజ్ ఎంతుందో రాసి పంపు, అవి చూశాక ఈసీఎం సంగతి మాట్లాడుకుందాం.

అన్నయ్య