పాత బోర్డు మీద కొత్త ప్రాసెసర్

ప్రశ్న: మా కంప్యూటర్‌లో బి450 మదర్‌బోర్డు, రైజెన్ 3 2200జి ఉన్నాయి, గ్రాఫిక్స్ కార్డు లేదు. రైజెన్ 5 5600 కొంటే పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీ బోర్డు, 5600 రెండూ ఏఎం4 సాకెట్‌వే (ప్రాసెసర్ కూర్చునే చోటు రకం), కాబట్టి బిగించడానికి ఇబ్బంది లేదండీ. కానీ బి450 వచ్చింది 2018లో, 5600 వచ్చింది 2022లో, అందుకని పాత బయాస్‌తో (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఆన్ కాకపోవచ్చు. బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్, రివిజన్ నంబరుతో సహా వెతికి, సీపీయూ సపోర్ట్ లిస్టులో (ఆ బోర్డు మీద పనిచేసే ప్రాసెసర్ల జాబితా) ఏ బయాస్ వెర్షన్ కావాలో చూసి, పాత ప్రాసెసర్ ఉండగానే అప్‌డేట్ చేసుకోండి. మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ ఉండాలి, లేకపోతే బోర్డే పాడవచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. 2200జిలో గ్రాఫిక్స్ లోపలే ఉంది, 5600లో లేదు. కార్డు లేకుండా పెడితే మానిటర్ మీద ఏమీ కనపడదు. గ్రాఫిక్స్ లోపలే ఉన్న 5600జి మీకు సరైనది. నెల్లూరులో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, దాని పేరు ఆ లిస్టులో చూశాకే డబ్బు కట్టండి.