డబ్బు బీరువాలోనే ఉంచు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. నీ తరగతిలోని మేధో దివ్యాంగ పిల్లలకు బోధన సామగ్రి కొనమని బడివాళ్లు ఇచ్చిన డబ్బుతో విశాఖ జగదాంబ సెంటరులో ఏమేం కొనాలో పట్టీ రాసి పంపమన్నావు. పంపను. ముందు ఒక వారం పిల్లల ఇళ్లకు వెళ్లిరా. వాళ్లు ఏ గ్లాసుతో నీళ్లు తాగుతారు, చొక్కాకు గుండీలా జిప్పా, అమ్మ ఏ కొట్టుకు పంపాలని ఆశపడుతోంది, అన్నీ చూడు. నీకు కావలసిన సామానులో సగం అక్కడే దొరుకుతుంది.

కొత్తలో నేను ఏడాదిపాటు ప్లాస్టిక్ నాణేలతో డబ్బు లెక్కలు నేర్పాను. తరగతిలో తడబడకుండా చెప్పిన కుర్రాడు ఎంవీపీ కాలనీ రైతుబజారులో అసలు పది రూపాయల బిళ్ల చేతిలో పెడితే తెల్లమొహం వేశాడు. ఒకచోట నేర్చుకున్నది మరోచోట వాడుకోవడం మన పిల్లలకు కష్టం. ఆ సంగతి పుస్తకంలో చదివి కూడా మరిచిన తప్పు నాదే. అసలు నాణేలే వాడు. పది రూపాయలది గుండ్రం, అంచు పసుపు, మధ్య తెలుపు. ఇరవైది పన్నెండు పలకలు, అంచు తెలుపు, మధ్య పసుపు. వేళ్లతో తడిమే తేడా పట్టేస్తారు. రెండూ ఒకేరోజు ముందు పెట్టకు. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే పిల్లలకు మాత్రం నాణేలు వద్దు.

ఏటికొప్పాక లక్కబొమ్మలంటే నీకు మోజని తెలుసు. నాకూ మోజే. కానీ ఎర్ర బొంగరం, పచ్చ బండి ఇచ్చి రంగు అడిగితే పిల్లవాడు చక్రాలు చూస్తాడు. రంగు నేర్పాలంటే ఆకారం, పరిమాణం ఒకటే అయి రంగొక్కటే మారాలి.

పదహారేళ్ల వాడికి అంగన్‌వాడీ బొమ్మల పుస్తకం ఇవ్వకు, చిన్నబుచ్చుకుంటాడు. వాడెక్కే బస్సు బోర్డును ఫోటో తీసి చూపించు. వెనక జనం, పోస్టర్లు పడకుండా తియ్యి.

సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ బోధన సామగ్రి పెట్టెలు తయారుచేసింది. దివ్యాంగులకు ఉపకరణాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద తక్కువ ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు ఉచితంగా ఇస్తారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే మీ మండలం భవిత కేంద్రంలో అడిగి చూడు. పెట్టె వచ్చినా అన్నీ ఒక్కసారే బల్లమీద పరచకు.

మన సముద్రపు గాలికి ఇనుప క్లిప్పులు తుప్పు పడతాయి, అట్టలు ఉబ్బుతాయి. లామినేషన్ చేయించు, మెరుపు లేనిది. మెరిసేదైతే ట్యూబులైటు కింద బొమ్మ కనబడదు.

ఆదివారం ఇంటికి రా. గుండీలు, బుడ్డి మూతలు, తాళాలు ఒక డబ్బా నిండా ఉన్నాయి, పట్టుకుపో. అందులో ఒక తాళం మొండికేస్తుంది. దానికి నూనె వెయ్యకు, మా ఇంటి తలుపు తాళం అలాంటిదే.

ఆశీస్సులతో,
మీ పాత టీచరమ్మ